సింక్ కింద ఏ ప్లై వేయించాలి? మేనకోడలికి మావయ్య ఉత్తరం

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కొటేషన్ ఫోటో చూశాను. పైన పెద్దక్షరాలతో "ఫుల్ 710 మెరైన్, లైఫ్‌టైమ్ గ్యారంటీ" అని వేసి (710 అంటే నీళ్ళకి బాగా ఆగే ప్లైవుడ్ రకం), కింద చదరపు అడుక్కి ఒకే రేటు రాశారు. వంటింటికీ అదే, పడగ్గది బీరువాలకీ అదే, దేవుడి మందిరానికీ అదే. ఇల్లంతా ఒకటే రకం వేస్తానన్నవాడు అయితే అక్కర్లేని చోట నీ చేత ఖర్చు పెట్టిస్తాడు, కాకపోతే 710 అన్నది ఎక్కడా వెయ్యడు. ముప్పై ఎనిమిదేళ్ళు గుంటూరులో ఇదే పని చేయించాను కాబట్టి చెప్తున్నా, అడ్వాన్సు ఇవ్వకముందే ఇది మొత్తం చదువు.

ముందు మీ అమ్మ సంగతి. "పొరలు అతికించిన చెక్క ఇంట్లో పెట్టుకోవడమేంటి, శుభ్రంగా టేకు వేయించుకోక" అంటోందట. ఈ అతికింపు నిన్నమొన్నటిది కాదని మా అక్కకి చెప్పు. ఈజిప్టులో సక్కారా మెట్ల పిరమిడ్‌లో దొరికిన ఒక శవపేటిక ఆరు పొరల చెక్కతో చేసింది, నాలుగున్నర వేల ఏళ్ళ పైమాటే. చెక్క పీచు పొడుగునా పెద్దగా మారదు, అడ్డంగా మాత్రం తేమ తగిలితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మీ పాత ఇంటి వీధి తలుపు శ్రావణంలో భుజం పెట్టి తోస్తేగానీ రాకపోవడం, ఎండాకాలం సందులోంచి వెలుగు కనపడటం గుర్తుందా, అదే. ఒక పొర పీచు నిలువుగా, దాని మీది పొర అడ్డంగా పెట్టి అతికిస్తే ఒకదాన్నొకటి కదలనివ్వవు. మధ్య పొరకి అటూ ఇటూ లాగుడు సమానంగా ఉండాలని ఇప్పుడు పొరలు బేసి సంఖ్యలోనే వేస్తారు. ఈజిప్టువాళ్ళు ఆరు ఎందుకు వేశారో వాళ్ళనే అడగాలి.

దుంగని తిప్పుతూ కత్తి ఆనించి, చుట్టిన చాప విప్పినట్టు పలచటి పొర తీసే యంత్రం వచ్చాకగానీ ఇది అందరికీ అందలేదు. ఆ యంత్రం ఘనత ఇమ్మాన్యుయేల్ నోబెల్‌దంటారు, నోబెల్ బహుమతుల ఆల్‌ఫ్రెడ్‌కి తండ్రి. 1905లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ ఎగ్జిబిషన్ కోసం అక్కడి చెక్కపెట్టెల ఫ్యాక్టరీ ఒకటి మూడు పొరల షీట్లు తయారు చేసింది. పెయింటు బ్రష్షులతో జిగురు రాసి, ఇళ్ళు పైకెత్తే జాకీలతో నొక్కారు. చూసినవాళ్ళకి నచ్చింది, ఆర్డర్లొచ్చాయి, కానీ నీళ్ళు తగిలితే పొరలు విడిపోయే బెడద మాత్రం అలాగే ఉండిపోయింది. 1934లో జేమ్స్ నెవిన్ అనే కెమిస్టు నీళ్ళకి ఆగే జిగురు కనిపెట్టాకే ప్లై ధైర్యంగా ఇంటి బయటికొచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే, రెండో ప్రపంచ యుద్ధంలో, బ్రిటిషువాళ్ళు ప్లైవుడ్‌తో మస్కిటో అనే బాంబర్ విమానాన్నే ఎగరేశారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ప్లై మంచిదా కాదా అన్నది చాలావరకు జిగురు దగ్గరే తేలుతుంది. షాపులో అడగాల్సింది కూడా అదే. ఎమ్మార్ రకం, అంటే తేమకి ఆగేది, ఐ.ఎస్. 303 అనే ప్రమాణం కిందికి వస్తుంది, అందులో సాధారణంగా యూరియా జిగురు ఉంటుంది, గాలిలో తేమ వరకు తట్టుకుంటుంది, నీళ్ళు నిలిస్తే తట్టుకోదు. అదే 303లో బీడబ్ల్యూఆర్ అని ఇంకోటి ఉంది, మరిగే నీళ్ళకి ఆగేది, ఫినాల్ జిగురు, ఎనిమిదేసి గంటలు మరగబెట్టి పరీక్ష చేస్తారు. ఐ.ఎస్. 710 అంటే మెరైన్, దీన్ని డెబ్బై రెండు గంటలు మరగబెట్టినా పొర విడవకూడదు. నీకు 710 కావాల్సింది సింక్ కింద, గ్యాస్ గట్టు కింది అరలకి, బాత్రూం గోడకి ఆనుకున్న బీరువాకి. వంటింట్లో పై అరలకి బీడబ్ల్యూఆర్ చాలు. హాల్లో టీవీ యూనిట్‌కి, పడగ్గదిలో పొడి గోడ వైపుకి మంచి ఎమ్మార్ వేసినా ఏమీ కాదు.

విజయవాడ సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ తీసుకున్నావు కాబట్టి ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మీ వైపు రోజుల తరబడి నీళ్ళలో ఉందిగా, నీళ్ళు తీశాక పాత కస్టమర్లు పిలిస్తే నాలుగిళ్ళు చూశాను. చెక్క పొట్టుని జిగురుతో నొక్కి చేసే పార్టికల్ బోర్డు కిచెన్లు టీలో ముంచిన బిస్కెట్ లాగా అయిపోయాయి, చేత్తో తీస్తే పొట్టు రాలింది. ఒకింట్లో మాత్రం ఫినాల్ జిగురు ప్లైతో చేసిన పెట్టె నిలబడి ఉంది, సన్‌మైకా అంచులు లేచాయి, బిజాగరీలు తుప్పు పట్టాయి, బురద వాసన నెల్లాళ్ళు పోలేదు, అయినా పెట్టె పెట్టెలాగే ఉంది. అందుకని నువ్వు కింది అరల్ని నేల మీద ఆనించొద్దు, నాలుగంగుళాల సిమెంటు దిమ్మె కట్టించి, పైన గ్రానైట్ ముక్క వేయించి, దాని మీద పెట్టించు. మళ్ళీ వరదొస్తే ఈ నాలుగంగుళాలు కాపాడవనుకో, కానీ రోజూ ఇల్లు తుడిచే నీళ్ళు చేసే నష్టం కూడా తక్కువేం కాదు.

షాపుకి నువ్వే వెళ్ళు, మేస్త్రీని ఒక్కణ్ణే పంపకు. షీటు మీద ఐ.ఎస్.ఐ. ముద్ర కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది, ఆ ముద్ర ఇచ్చే బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో, దేనికి ఇచ్చారో వస్తుంది. 710 అని రబ్బరు స్టాంపు ఎవడైనా గుద్దుకోవచ్చు, గుద్దుతున్నారు కూడా. పైన ఎర్రగా ఉంది, గర్జన్ చెక్క అంటారు, ఆ ఎరుపు చూసి మురిసిపోకు, రంగు పూస్తారు. షీటు అంచు వైపు కూర్చుని చూడు. పొరల మధ్య నల్లటి సందులు కనపడితే, ఒక పొర మీద ఇంకో పొర ఎక్కి ఉంటే పక్కన పెట్టించు. తర్వాత వేలి కణుపుతో షీటు ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టుకుంటూ వెళ్ళు, ఎక్కడైనా డొల్లగా మోగితే లోపల ఖాళీ ఉన్నట్టే, రేపు సరిగ్గా అక్కడే స్క్రూ పట్టదు. టేపు పెట్టి మందం కొలువు, పద్దెనిమిది మిల్లీమీటర్లని చెప్పి పదహారు అంటగట్టడం పాత అలవాటే.

పాతకాలం ప్లై బరువు ఇప్పుడు లేదేమిటని మీ నాన్న అడిగాడు. మన దేశంలో ప్లైవుడ్ మిల్లులు మొదట అస్సాం వైపు టీ పెట్టెల కోసం వచ్చాయి. మా చిన్నప్పుడు కిరాణా కొట్లో అంచులకి రేకు కొట్టిన ఆ ఖాళీ పెట్టెల కోసం ఎంత పోటీయో, మీ అమ్మ పుస్తకాలు ఇంటర్ దాకా అందులోనే ఉండేవి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు అడవుల నరికివేత మీద ఉత్తర్వులిచ్చాక ఈశాన్యంలో మిల్లులు మూతపడ్డాయి, పని హర్యానాలోని యమునానగర్ వైపు మళ్ళింది, లోపలి పొరలకి రైతులు పెంచే పోప్లార్, యూకలిప్టస్ వచ్చాయి. పోప్లార్ తేలిక. తేలికైనంత మాత్రాన చెడ్డది కాదు, కానీ సింక్ కింద నేనైతే వెయ్యను.

ఇక నా తప్పు ఒకటి చెప్తాను, మళ్ళీ నీ ఇంట్లో జరక్కూడదు. బ్రాడీపేటలో ఒకరింట్లో ఏడడుగుల పైన ఎత్తున్న వార్డ్‌రోబ్ తలుపులకి ప్లై వేశాను, లోపలెవరు చూస్తారులెమ్మని బయటి వైపే సన్‌మైకా అతికించాను. వానలు మొదలయ్యాయి, సన్‌మైకా లేని వైపు తేమ పీల్చింది, ఆరు తలుపులూ విల్లులా వంగాయి. నా డబ్బుతో మళ్ళీ చేసిచ్చాను. ఒకవైపు సన్‌మైకా వేస్తే రెండో వైపు పలచటిదైనా ఏదో ఒకటి వేయాలి. అంత పొడుగు తలుపులకి బ్లాక్ బోర్డు వాడించు (బడిలో నల్లబల్ల కాదు, మధ్యలో చెక్క పట్టీలు పేర్చి అటూ ఇటూ పొరలు అతికించినది), తిన్నగా ఉంటుంది. కోసిన ప్రతి అంచుకీ, ముఖ్యంగా సింక్ పైపు కోసం తొలిచిన రంధ్రం లోపల, సీలర్ గానీ ఎడ్జ్ బ్యాండ్ (అంచుకి అతికించే పట్టీ) గానీ పడాలి, మేస్త్రీలు మర్చిపోయేది ఆ రంధ్రాన్నే. గోడకి ఆనే వెనక షీటుకి ప్రైమర్ కొట్టించు. చెదల మందు పని మొదలెట్టక ముందే, తర్వాత కాదు.

కొటేషన్ గది గది విడగొట్టి, ఎక్కడ ఏ గ్రేడో రాసి మళ్ళీ ఇమ్మను. ఇచ్చాక 710 షీటు లోంచి అరచేతంత ముక్క అడిగి తీసుకో. ఆదివారం నేను వస్తా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మరగబెడదాం, ఎమ్మార్ అయితే ఆ లోపే పొరలు ఊడొస్తాయి. పాత స్టీలు గిన్నె ఏదైనా తీసి ఉంచు, కుక్కర్‌లో పెడితే మీ అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు.

మీ మావయ్య