నాన్న ఇప్పుడు ఎక్కడున్నారు?

ప్రశ్న: మా నాన్న చనిపోయి నాలుగు నెలలైంది. మంచి మనిషే, కానీ చర్చికి వచ్చేవారు కాదు. బాప్తిస్మం తీసుకోలేదు. అమ్మా నేనూ విశ్వాసులం. జ్ఞాపకార్థ కూటంలో మా సంఘ పెద్ద ఒకాయన ప్రసంగం మధ్యలో, ‘ఈయన ఇప్పుడు అగ్నిలో ఉన్నాడు, మీరైనా మేలుకోండి’ అన్నారు. ఆ రోజు నుంచి అమ్మ స్టవ్ వెలిగించడం మానేసింది. మంట కనిపిస్తే చేతులు వణుకుతున్నాయి. రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. ‘రేపు నేను పరలోకానికి వెళ్లినా ఆయన అక్కడ లేకపోతే ఎలా ఉండను?’ అంటోంది. తమ్ముడు ఆ ఒక్క మాటతో చర్చికీ బైబిలుకూ దండం పెట్టేశాడు. మా ఎనిమిదేళ్ల బాబు ‘తాతయ్యకు కాలుతోందా అమ్మా?’ అని అడిగితే జవాబు చెప్పలేక లేచి వెళ్లిపోయాను. అసలు బైబిలు ఏం చెబుతోంది? నాన్న నరకంలో ఉన్నారా? దయచేసి ఓదార్పు కోసం అబద్ధం చెప్పొద్దు.

జవాబు: చెప్పనమ్మా. మీరు అడిగినదానిలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. నరకం గురించి బైబిలు ఏం చెబుతోందన్నది ఒకటి. మీ నాన్నగారు అందులో ఉన్నారా అన్నది రెండోది. మొదటిదానికి బైబిల్లో జవాబు ఉంది. రెండోదానికి లేదు. ఆ పెద్దాయన మొదటిదాని జవాబు తెచ్చి రెండోదానికి అతికించారు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నదంతా అక్కడే మొదలైంది.

నరకం లేదని నేను అనను. కొత్త నిబంధనలో దాని గురించి అందరికంటే గట్టిగా హెచ్చరించింది యేసుప్రభువే. మత్తయి 25లో తీర్పు గురించి చెబుతూ, ఆ నిత్యాగ్ని అపవాదికీ (సాతానుకు) వాడి దూతలకూ సిద్ధపరచినదని అన్నారు. మనుషుల కోసం సిద్ధపరచినదని అనలేదు. అయినా మనుషులూ అందులోకి వెళ్లే ప్రమాదం ఉందని అదే అధ్యాయం చెబుతోంది. మరి అక్కడ మనుషుల్ని, కాపరి గొర్రెలనూ మేకలనూ వేరు చేసినట్టు, దేన్ని బట్టి వేరు చేశారు? ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టారా, పరదేశిని చేర్చుకున్నారా, చెరసాలలో ఉన్నవాణ్ణి చూడడానికి వెళ్లారా అని. ఈ భాగాన్ని చాలా ప్రసంగాల్లో తొందరగా దాటేస్తారు. నాకు అది బాధగానే ఉంటుంది.

యేసు నరకం అన్నప్పుడు వింటున్నవాళ్ల మనసులో మెదిలింది వాళ్లకు తెలిసిన ఒక చోటే, యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ. పూర్వం యూదా ప్రజలు అక్కడ తమ పిల్లల్ని మోలెకు అనే దేవతకు బలిగా అగ్నిలో వేసేవారు. యోషీయా రాజు ఆ బలిస్థలాన్ని అపవిత్రపరచి దాన్ని ఆపించాడని 2 రాజులు 23లో ఉంది. ఆ పని నేను ఆజ్ఞాపించింది కాదు, నాకు తోచింది కూడా కాదు అని దేవుడు యిర్మీయా 7లో అంటాడు. అంటే నరకానికి గుర్తుగా నిలిచిన ఆ లోయ, మనుషులు మనుషుల్ని కాల్చిన చోటు, దేవుడు అసహ్యించుకున్న చోటు. మీ అమ్మగారి కళ్లముందు కదులుతున్న దేవుడు మనిషిని కాలుస్తూ చూసేవాడిలా ఉన్నాడు. బైబిల్లోని దేవుడు అలా లేడు. దుర్మార్గుడు చావడం వల్ల నాకు సంతోషం లేదని, వాడు తిరిగి బ్రతకాలన్నదే నా కోరికని యెహెజ్కేలు 33లో ప్రమాణం చేసి మరీ చెప్పాడు.

ఇక ‘ఇప్పుడు అగ్నిలో ఉన్నాడు’ అన్న మాట సంగతి. చనిపోయినవాళ్ల స్థితి గురించి బైబిలు ఒకేచోట అంతా కుదిర్చి చెప్పలేదు. పాత నిబంధనలో నీతిమంతులూ దుర్మార్గులూ అందరూ పాతాళానికే దిగిపోతారు. చచ్చినవారు ఏమీ ఎరుగరని ప్రసంగి గ్రంథంలో ఉంది. మంటిలో నిద్రించేవాళ్లు మేలుకుంటారని, కొందరు నిత్యజీవానికీ కొందరు నిందకూ లేస్తారని దానియేలు 12లో ఉంది. ప్రకటన 20 ప్రకారం చూస్తే వరస ఇది: మృతులందరూ లేస్తారు, గ్రంథాలు విప్పుతారు, తీర్పు జరుగుతుంది, అగ్నిగుండం ఆ తరువాత. మరణాన్నీ పాతాళాన్నీ కూడా అందులో పడేస్తారు. ఆ తీర్పు ఇంకా జరగలేదు.

లూకా 16లో ధనవంతుడు చనిపోయిన వెంటనే మంటలో యాతనపడుతున్నాడు కదా అని మీ పెద్దాయన అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ భాగాన్ని ఆధారం చేసుకుని, చనిపోగానే సుఖమో యాతనో మొదలవుతుందని నమ్మే సంఘాలు చాలా ఉన్నాయి. అది ఉపమానమనీ, మరణానంతర లోకానికి పటం కాదనీ చెప్పే పండితులూ ఉన్నారు. ఒక్క సంగతి మాత్రం గమనించండి. ఆ కథను యేసు ధనాపేక్ష ఉన్న పరిసయ్యులకు, అంటే ఆనాటి యూదు మతనిష్ఠాపరులకు చెప్పారు. తన గుమ్మం దగ్గర కురుపులతో పడి ఉన్న లాజరును రోజూ చూస్తూ పట్టించుకోనివాడి కథ అది. వింటున్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు, మారడానికి వాళ్లకు సమయం ఉంది. అందుకే చెప్పారు.

నరకం ఎంతకాలం, ఎలాంటిది అన్నదాని మీద కూడా విశ్వాసుల మధ్య మొదటి శతాబ్దాల నుంచీ భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అంతం లేని యాతన అని తొలినాటి సంఘ బోధకుడు అగస్టీను గట్టిగా వాదించాడు, ఎక్కువ సంఘాలు ఆ దారిలోనే నడిచాయి. నాలుగో శతాబ్దంలో నీసా బిషప్పు గ్రెగరీ, దేవుని శిక్ష చివరికి శుద్ధి చేసి తిరిగి చేర్చుకుంటుందని ఆశించాడు. ఆత్మనూ దేహాన్నీ నరకంలో నశింపజేయగలవాడు అన్న మత్తయి 10 మాటను తీసుకుని, అది అంతులేని చిత్రహింస కాదు, పూర్తిగా లేకుండాపోవడం అని సెవెంత్ డే అడ్వెంటిస్టులు బోధిస్తారు. ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్ కూడా 1988లో, పట్టుబట్టకుండానే, ఆ వైపు మొగ్గు చూపాడు. క్యాథలిక్కులకు ఉత్తరించు స్థలం, అంటే పరలోకానికి ముందు శుద్ధి పొందే స్థితి, అనే బోధ ఉంది. వీళ్లలో ఎవరూ బైబిలును పక్కన పెట్టినవాళ్లు కాదు. వీటిలో ఏదో ఒకటి ఎంచుకుని ఊరట పొందమని నేను చెప్పడం లేదు. ఇంతమంది భక్తులు వణుకుతూ, ఆచితూచి మాట్లాడిన విషయంలో ఒక మనిషి పేరు పెట్టి మైకులో తీర్పు చెప్పడం ఎంత పెద్ద సాహసమో చూడమంటున్నాను.

యేసు నరకం గురించి మాట్లాడిన చోట్లన్నీ ఓసారి తీసి చూడండి. సహోదరుణ్ణి ద్రోహీ అని తిట్టేవాడికి చెప్పారు. నీ చెయ్యి నిన్ను పాపంలో పడేస్తే దాన్ని నరికేసుకో అని శిష్యులకు చెప్పారు. శాస్త్రులకూ పరిసయ్యులకూ ముఖం మీదే చెప్పారు. ఎవరి పాడె దగ్గరా చెప్పలేదు. నాయీను ఊరి గుమ్మం దగ్గర విధవరాలి ఒక్కగానొక్క కొడుకు శవం ఎదురైనప్పుడు ఆయన ఆమెను చూసి కనికరపడి ‘ఏడువవద్దు’ అన్నారు. ఆ పిల్లవాడి విశ్వాసం ఎలాంటిదో లూకా ఒక్క మాట కూడా రాయలేదు. తన స్నేహితుడు లాజరు (ఇందాకటి కథలోని లాజరు కాదు) సమాధి దగ్గర ఆయన ఏడ్చారు.

రక్షణ పొందేవాళ్లు కొద్దిమందేనా అని ఒకరు అడిగితే (లూకా 13) ఆయన లెక్క చెప్పలేదు, ఇరుకు ద్వారాన ప్రవేశించడానికి మీరు పోరాడండి అన్నారు. యోహాను సంగతి ఏమవుతుందని పేతురు అడిగితే ‘అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము’ అన్నారు. ఇంకొకరి సంగతి గురించి అడిగిన ఈ రెండు చోట్లా ఆయన ఆ ప్రశ్నను అడిగినవాళ్ల వైపే తిప్పారు. మీ పెద్దాయన దాన్ని మీ నాన్నగారి వైపు తిప్పారు.

విశ్వసించనివాడికి ఇంతకుముందే తీర్పు తీర్చబడింది అన్న యోహాను 3:18 మీకు గుర్తుకొస్తుందని నాకు తెలుసు. దాన్ని పలచన చేయను. క్రీస్తు వల్ల తప్ప రక్షణ లేదని నేనూ నమ్ముతాను. కానీ ఒక మనిషి చివరి శ్వాస దగ్గర ఆ వచనానికి ఏ వైపు నిలబడ్డాడో చూసే కళ్లు మనకు లేవు. యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగను తీసుకోండి. ఆ రోజు అక్కడ లేని అతని బంధువులకు తెలిసింది ఒక్కటే: నేరస్థుడిగా బతికాడు, నేరస్థుడిగా చచ్చాడు. అతనికి ఆ రోజే పరదైసు (పరలోక నివాసం) దొరికిందని వాళ్లెవరికీ తెలిసే దారి లేదు. మీ నాన్నగారి విషయంలో అలాగే జరిగిందని నేను అనలేను. జరగలేదనీ ఎవరూ అనలేరు. మనుషులు పైరూపాన్ని చూస్తారు, యెహోవా హృదయాన్ని చూస్తాడు. ఎక్కువ పొందినవాడి దగ్గర ఎక్కువ అడుగుతారని, తెలియక చేసినవాడికి తక్కువ దెబ్బలని చెప్పింది కూడా యేసే. సొదొమ కోసం బతిమాలుతూ అబ్రాహాము అడిగిన మాట మీ అమ్మగారు ధైర్యంగా ప్రార్థనలో అడగవచ్చు: సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా?

మీరు ఏడవండమ్మా. అవిశ్వాసి కోసం ఏడవడం విశ్వాసం లేకపోవడమని ఎవరైనా అంటే వినకండి. తన మీద తిరుగుబాటు చేసి చచ్చిన కొడుకు కోసం దావీదు గుమ్మం మీది గదిలోకి ఎక్కిపోతూ ‘నా కుమారుడా అబ్షాలోమా’ అని గుండెలు పగిలేలా ఏడ్చాడు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడవద్దని పౌలు రాశాడు గానీ దుఃఖపడనే వద్దని రాయలేదు.

బాబు అడిగిన ప్రశ్నకు జవాబు దాటేయకండి. మీరు లేచి వెళ్లిపోతే, చెప్పలేనంత భయంకరమైనది ఏదో ఉందని వాడికి అర్థమవుతుంది. దగ్గర కూర్చోబెట్టుకుని, ‘లేదు నాన్నా, తాతయ్య శరీరానికి ఇప్పుడు ఏ నొప్పీ లేదు. తాతయ్య దేవుడి చేతుల్లో ఉన్నారు. దేవుడు ఎవరికీ అన్యాయం చెయ్యడు. అంతకంటే అమ్మకు కూడా తెలియదు’ అని చెప్పండి. ఇందులో ఒక్క అబద్ధం లేదు. మళ్లీ అడుగుతాడు, పిల్లలు అడుగుతూనే ఉంటారు. మళ్లీ అదే చెప్పండి. తాతయ్య గురించి నవ్వు తెప్పించే సంగతులు కూడా చెప్పుకోండి. ఇంట్లో ఆయన పేరు వినిపించగానే అందరూ మూగబోతే వాడి భయం ఇంకా పెరుగుతుంది.

తమ్ముణ్ణి చర్చికి రమ్మని ఇప్పుడు బలవంతం చేయకండి. అతని కోపం నాన్న మీద ప్రేమలోంచి పుట్టింది. ‘ఆ మాట నాకూ తప్పే అనిపించింది’ అని మీరు అతనికి ఒక్కసారైనా చెప్పారా? మీ మౌనాన్ని అతను ఒప్పుకోలు అనుకుంటూ ఉండవచ్చు. ముందు ఆ మాట చెప్పండి, బైబిలు ప్రస్తావన తరువాత.

పెద్దాయనతో మాట్లాడాలా వద్దా అంటే, మాట్లాడాలనే నా అభిప్రాయం. నలుగురిలో కాదు, పాస్టరుగారిని కూడా కూర్చోబెట్టుకుని. వాదనకు దిగకండి. అమ్మ స్టవ్ దగ్గర ఎలా నిలబడిపోతోందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు. బైబిల్లోని యోబు గ్రంథంలో, అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ నేల మీద మౌనంగా కూర్చున్నంత సేపూ మంచి స్నేహితులే. నోరు తెరిచి యోబు మీద తీర్పులు మొదలుపెట్టాకే దేవుడి కోపానికి గురయ్యారు. సంఘం పెద్దలు చావు ఇంటికి వెళ్లేముందు ఆ పుస్తకం చదవాలని నా కోరిక. ఆయన తప్పు ఒప్పుకోకపోతే, అమ్మను కొన్నాళ్లు ఆ కూటాలకు దూరంగా ఉంచడంలో పాపం లేదు. దేవుడికి దూరంగా కాదు, ఆ గొంతుకు.

అమ్మగారు ఆయన కోసం ప్రార్థన చేయవచ్చా అనేది మీ సంఘాన్ని బట్టి ఉంటుంది. క్యాథలిక్, ఆర్థడాక్స్ సంఘాల్లో మృతుల కోసం ప్రార్థిస్తారు, ప్రొటెస్టంట్ సంఘాల్లో ఎక్కువమంది చేయరు. కానీ ఆయనతో గడిపిన జీవితానికి దేవుడికి కృతజ్ఞతలు చెప్పడానికి ఏ సంఘమూ అడ్డు చెప్పదు. దానితో మొదలుపెట్టమనండి. పరలోకంలో ఆయన లేకపోతే ఎలా అన్న ప్రశ్నకు నా దగ్గర తయారు జవాబు లేదు. వారి కన్నుల ప్రతి బాష్పబిందువునూ తుడిచేది దేవుడే అని ప్రకటన 21లో ఉంది. ఎలా తుడుస్తాడో రాయలేదు. తుడుస్తానన్నవాడికి ఆమె కన్నీళ్లు ఎవరి కోసమో తెలుసు.

స్టవ్ విషయం మాత్రం ఉపవాస ప్రార్థనలకు వదిలేయకండి. నాలుగు నెలలుగా నిద్ర లేకపోవడం, మంట చూస్తే చేతులు వణకడం మనసుకు తగిలిన దెబ్బ లక్షణాలు. వాటికి చికిత్స ఉంది. ఈ వారంలోనే అమ్మను ఒక సైకియాట్రిస్టుకు గానీ క్లినికల్ సైకాలజిస్టుకు గానీ చూపించండి. ‘చచ్చిపోతే ఆయన దగ్గరకు వెళ్లొచ్చు’ లాంటి మాట ఆమె నోట వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా ఉంచకండి. అప్పటిదాకా వంట మీరో తమ్ముడో చూసుకోండి. అమ్మను బలవంతంగా స్టవ్ దగ్గర నిలబెట్టకండి.