ఎఫ్‌డీ తీసి కర్టెన్ల షాపు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది మియాపూర్. మావారు గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ ఉద్యోగం చేస్తారు. చేతికి 41,000 వస్తుంది. కిరాయి, బాబు స్కూలు ఫీజు, అత్తయ్యగారి మందులు అన్నీ కలిపి నెలకు 33,000 ఖర్చు. పగలు వెలుతురుకి ఆయనకు నిద్ర పట్టడం లేదని బ్లాకౌట్ కర్టెన్లు నేనే కుట్టాను. అవి చూసి మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లు కూడా అడిగారు. రెండు నెలల్లో ఐదు కిటికీలకు కుట్టిచ్చాను. కిటికీకి ఐదు మీటర్ల గుడ్డ, మీటరు 280. రింగులు, దారం అన్నీ కలిపి 1,600 అయితే 2,800 తీసుకున్నాను, 1,200 మిగిలింది. రాడ్లు ఆదివారం మావారే డ్రిల్ చేసి బిగిస్తారు. ఇప్పుడు చిన్న షాపు తీసుకుందామని ఉంది. అడ్వాన్స్ 60,000, పవర్ మెషిన్ 32,000, రింగుల పంచింగ్ మెషిన్ 10,000, నాలుగు రంగుల్లో గుడ్డ 1,40,000. మొత్తం 2,42,000. షాపు కిరాయి నెలకు 7,000. మా ఎఫ్‌డీలో 1,42,000 ఉంది. మిగతా లక్ష ఒక లోన్ యాప్‌లో వెంటనే ఇస్తారట. ఫీజు 4,000 పట్టుకుని 96,000 వేస్తారు, 12 నెలలు 10,200 చొప్పున కట్టాలి. తీసుకోవచ్చా? హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన 3 లక్షలది ఉంది. ఐదు తులాల బంగారం ఉంది.

జవాబు: తీసుకోవద్దు. ఆ ఎఫ్‌డీని కూడా ముట్టుకోవద్దు.

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో మీది ఎంచుకోవడానికి కారణం ఉంది. పచ్చళ్లు, కేకులు, మగ్గం వర్క్, బ్లౌజులు... ఇంట్లో మొదలైన పనికి నాలుగు ఆర్డర్లు రాగానే ఉన్న కాస్త పొదుపూ సరుకులో పెట్టేసి, చాలకపోతే అప్పు తెచ్చే కుటుంబాలు నా దగ్గరికి తరచూ వస్తున్నాయి. వాళ్లలో పని చేతకాక నష్టపోయినవాళ్లు తక్కువ. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేని రోజు చేతిలో డబ్బు లేక చితికిపోయినవాళ్లే ఎక్కువ. మీ చేతిలో మంచి పని ఉంది, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. నా భయమంతా ఆ 1,42,000 గురించే.

ముందు మీరు రాసిన అంకెలే చూద్దాం. జీతంలో ఖర్చులు పోను మిగిలేది 8,000. యాప్ వాయిదా 10,200. అంటే షాపు షట్టర్ ఎత్తకముందే నెలకు 2,200 లోటు. కిటికీకి 1,200 చొప్పున చూస్తే వాయిదాకే తొమ్మిది కిటికీలు కుట్టాలి, షాపు కిరాయికి ఇంకో ఆరు. నెలకు 15 కిటికీలు కుట్టినా మీ కష్టానికి దాదాపు ఏమీ మిగలదు. ఇప్పుడు మీరు కుడుతున్నది నెలకు రెండున్నర.

గుడ్డ లెక్క ఇంకా భయం వేసేలా ఉంది. 1,40,000కి మీటరు 280 చొప్పున 500 మీటర్లు వస్తుంది. కిటికీకి ఐదు మీటర్లంటే వంద కిటికీల గుడ్డ. మీ ఇప్పటి ఆర్డర్లతో అది ఖర్చు కావడానికి 40 నెలలు పడుతుంది. మీ బాబు మూడు తరగతులు దాటేదాకా మీ కుటుంబం ఆపద సొమ్మంతా రోల్స్ రూపంలో గోడకు ఆనించి ఉంటుందన్నమాట.

అదైనా ఎలాంటి గుడ్డో కుట్టిన మీకే బాగా తెలుసు. పూత వేసిన బ్లాకౌట్ గుడ్డకు సూది ఒకసారి దిగిందంటే ఆ చిల్లు మళ్లీ పూడదు. కుట్టు వంకర పోయిందని విప్పి, ఆ ముక్కను కిటికీకి ఎదురుగా పట్టుకుంటే కుట్టు పోయిన దారంతా చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తుంది. అందుకే గుండుసూదులు గుచ్చకుండా క్లిప్పులు పెడతారు. మడిచి పెడితే కొన్నాళ్లకు మడత దగ్గర పూత పగులుతుంది. కత్తిరించిన ముక్కను దుకాణం వాడు తిరిగి తీసుకోడు. ఒకరి కిటికీకి కోసింది ఇంకొకరి కిటికీకి సరిపోదు. అవసరానికి అమ్ముదామంటే సగానికి కూడా పోని సరుకు అది.

సరుకులో డబ్బు ఇరుక్కుపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. మా అన్నయ్యది బట్టల దుకాణం. 2021లో పెళ్లిళ్ల సీజన్ అని చేతిలో ఉన్నదంతా పెట్టి ఆరు లక్షల సరుకు దించాడు. మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. ఉదయం 6 నుంచి 10 వరకే దుకాణాలు, ఆ నాలుగు గంటల్లో పెళ్లి బట్టలు కొనేవాళ్లు ఎవరు? అదే నెలలో మా నాన్నకు కోవిడ్ వచ్చింది. రాత్రి పదకొండింటికి ఆసుపత్రికి తీసుకెళ్తే లక్ష కడితేనే బెడ్ ఇస్తామన్నారు. అన్నయ్య జేబులో దుకాణం తాళాలు ఉన్నాయి, ఆరు లక్షల బట్ట ఉంది, అకౌంట్‌లో తొమ్మిది వేలు ఉన్నాయి. ఆ రాత్రి నేనూ మా బావగారూ మా మా ఎఫ్‌డీలు తీసి కట్టాం. నాన్న బతికారు. మా దగ్గర కూడా లేకపోయి ఉంటే ఎవరి గుమ్మం తట్టేవాళ్లమో ఇప్పటికీ తలచుకుంటే గుండె దడదడలాడుతుంది.

మీ ఇంట్లో సంపాదించేది ఒక్కరు. పెద్దావిడ మందులు వాడుతున్నారు. నైట్ షిఫ్ట్, పగలు సరిగా లేని నిద్ర. ఇలాంటి ఇంటికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. 33,000 చొప్పున 1,98,000. మీ దగ్గర ఉన్నది 1,42,000. ఇంకా 56,000 తక్కువే ఉంది. షాపుకు పెట్టడానికి మీ దగ్గర మిగులు సొమ్ము ఉందనుకుంటున్నారు కానీ, ఆపదకు దాచాల్సిందే ఇంకా పూర్తి కాలేదు. నెలకు మిగిలే 8,000 అటే వేస్తే ఏడు నెలల్లో పూర్తవుతుంది. కర్టెన్ల మీద వచ్చేది కూడా కలిపితే ఐదు నెలలకే దగ్గర పడుతుంది.

ఈ డబ్బు ఉండడమొక్కటే చాలదు, అర్ధరాత్రి కూడా చేతికి అందాలి. ఎఫ్‌డీ ఒక్కటే ఉంటే నాలుగుగా విడదీయండి. అప్పుడు 30,000 అవసరమైతే ఒక్కటే తీస్తారు. మీ ఇద్దరి పేరు మీద, ఎవరైనా తీసుకునేలా ఉందో లేదో చూడండి. ఆయన పేరు ఒక్కటే ఉండి, ఆయనే ఆసుపత్రిలో పడుకుంటే మీరు ఆ డబ్బు తీయలేరు. మొబైల్ బ్యాంకింగ్‌లో రాత్రి పూట ఎఫ్‌డీ మూసే వీలుందా అని బ్యాంకులో అడగండి. లేదంటే ఒక నెల ఖర్చు ఎప్పుడూ సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి.

లోన్ యాప్ గురించి ఒక మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. లక్షకు 22,400 వడ్డీ, అంటే 22 శాతమే కదా అనుకుని ఉంటారు. మీ చేతికి వచ్చేది 96,000. అసలేమో నెలనెలా తగ్గుతూ పోతుంది, వాయిదా మాత్రం తగ్గదు. సరిగ్గా లెక్క కడితే ఏడాదికి 47 శాతం దాటుతుంది. ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఫీజులతో కలిపి ఏడాదికి పడే ఈ అసలు వడ్డీ శాతాన్ని, అంటే ఏపీఆర్ అంకెను, అప్పు ఇచ్చేముందే చూపించాలి. ఆ పేజీ తెరవకుండా ఓకే నొక్కేవాళ్లే ఎక్కువ. 2020 డిసెంబర్‌లో మన హైదరాబాద్‌లోనే లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద పోలీసులు దాడులు చేశారు. అప్పు తీసుకున్నవాళ్ల ఫోన్‌లో ఉన్న నంబర్లన్నింటికీ ఫోన్లు చేసి పరువు తీసిన రోజులవి. ప్రాణాలు తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అన్ని యాప్‌లూ అలాంటివి కావు, నిజమే. కానీ 47 శాతం మిత్తి కట్టి కర్టెన్లు అమ్మి బాగుపడడం ఎవరివల్లా కాదు. యాప్ వద్దన్నానని డైలీ ఫైనాన్స్ దగ్గరికి వెళ్లేరు. 50,000 అని చెప్పి 45,000 చేతిలో పెట్టి, వంద రోజులు రోజుకు 500 తీసుకునేవాళ్లది ఏడాదికి 75 శాతం పైనే పడుతుంది. అది ఇంకా అన్యాయం.

ఇప్పుడు ఆ డ్రిల్లింగ్ సంగతి. ఇది చదివి నేను నిజంగా కంగారు పడ్డాను. రాత్రంతా పని చేసి, వారమంతా నిద్ర చాలని మనిషి ఆదివారం స్టూల్ ఎక్కి నెత్తి మీద డ్రిల్ పట్టుకుంటున్నాడు. మీ వైపు కొత్త టవర్లలో చాలావాటికి గోడలు ఇటుకవి కావు, మొత్తం కాంక్రీటే. మామూలు డ్రిల్ దిగదు, హ్యామర్ డ్రిల్ కావాలి, అది చేతిని విసురుతుంది. గోడ లోపల కరెంటు పైపులు ఎటు పోయాయో తెలియదు. కింద పడి చెయ్యి విరిగితే మూడు నెలలు ఇల్లు ఎలా నడుస్తుంది? కిటికీకి ఇంత అని ఫిట్టర్‌ను పెట్టుకుని ఆ ఖర్చు కస్టమర్ బిల్లులో కలపండి. కిరాయి ఇళ్లవాళ్లయితే గోడకు చిల్లు పెట్టే ముందు ఓనర్‌ను అడిగారో లేదో కూడా కనుక్కోండి.

ఇన్సూరెన్స్ విషయంలో మీ ఇల్లు దాదాపు ఖాళీగా ఉంది. కంపెనీ ఇచ్చిన 3 లక్షలు ఆయన ఉద్యోగం ఉన్నంతవరకే. ఉద్యోగం మారిన నెలలోనే జబ్బు రాదని ఎవరు చెప్పగలరు? మీ ముగ్గురికీ సొంతంగా ఒక ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ, తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. అత్తయ్యగారిని మీ పాలసీలో కలపకండి, ఆవిడ వయసుకు అందరి ప్రీమియం పెరుగుతుంది. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీలో 10 లక్షల వరకు ఉంది, ఆవిడ పేరు కార్డులో ఉందో లేదో చూసుకోండి. ఆయన పేరు మీద కనీసం 50 లక్షల టర్మ్ పాలసీ ఈ ఏడాదే తీసుకోవాలి. అది వచ్చేలోపు బ్యాంకుకు వెళ్లి ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవన జ్యోతి బీమా రెండింటికీ సంతకం పెట్టించండి. ఒక్కోటి 2 లక్షలు. దానికి అరగంట కూడా పట్టదు, ఈ శనివారం దాటనివ్వకండి.

మరి కుట్టు పని మానేయాలా? అక్కర్లేదు. ఇంట్లోనే కుట్టండి, సరుకు మాత్రం నిల్వ పెట్టకండి. నాలుగు రంగులు చూపించాలంటే నాలుగు జానెడు ముక్కలు చాలు. కొలత తీసుకున్న రోజే గుడ్డ డబ్బు 1,600 అడ్వాన్స్ తీసుకోండి. అది ఇవ్వని మనిషికి కత్తెర పెట్టకండి. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగొచ్చు, అక్కడి నుంచి కోఠి, సుల్తాన్ బజార్ దుకాణాలు దగ్గరే. రెండు మూడు ఆర్డర్లు కలిపి ఒకేసారి తెచ్చుకోండి. పంచింగ్ మెషిన్ కూడా ఇప్పుడే ఎందుకు? ప్లాస్టిక్ రింగులకు గుండ్రంగా కత్తిరించి చేత్తో నొక్కితే సరిపోతుంది. ఉన్న మిషన్‌కే 16 నంబర్ సూది, పూతకు అంటుకోని టెఫ్లాన్ పాదం వేసి, కుట్టు కాస్త పొడవుగా పెట్టుకోండి.

లాభం పోయేది ఎక్కువగా కొలతల దగ్గర. రాడ్ కిటికీకి అటూ ఇటూ ఆరేసి అంగుళాలు, పైన ఐదారు అంగుళాలు దాటి ఉండకపోతే అంచుల్లోంచి ఎండ పడుతుంది. అప్పుడు కస్టమర్ గుడ్డ బాగోలేదంటాడు. కిటికీకి ఉన్న రెండు పరదాల్లో ఒకటి తిరిగి కుట్టాల్సి వస్తే దాని గుడ్డే 700, ఆ కిటికీ లాభంలో సగానికి పైగా పోయినట్టే. అందుకే రాడ్ బిగించాకే పొడవు కొలవండి. ప్రతి కిటికీ లాభంలోంచి 200 ఇలాంటి నష్టానికి విడిగా తీసి పెట్టండి.

ఆరు నెలలు వరుసగా నెలకు పది కిటికీలు దాటితే పవర్ మెషిన్ గురించి ఆలోచిద్దాం. అప్పటికీ యాప్ వద్దు. చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. అందులో పనిముట్లకు 15,000 సాయం, మొదటి విడతగా 5 శాతం వడ్డీకి లక్ష వరకు అప్పు ఉన్నాయి. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర రుణాల్లో శిశు రుణం 50,000 వరకు ఉంది. మీ బస్తీలో మహిళా సంఘం ఉంటే అందులో చేరండి. బంగారం జోలికి మాత్రం వెళ్లకండి. ఎఫ్‌డీ కూడా అయిపోయిన రోజున మీకు మిగిలేవి ఆ ఐదు తులాలే.

షాపు ఓనర్‌కు మాట ఇచ్చి ఉంటే ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పండి. టోకెన్ కింద రెండు మూడు వేలు ఇచ్చేసి ఉంటే, అది పోయినా పోనివ్వండి.