కోర్టు మాటలు అర్థం కావట్లేదా? ఒక్క ప్రోనోటు దావాను చివరిదాకా చూడండి

ప్రశ్న: తెలుగు మీడియంలో బీకాం చదివాను. లాసెట్‌లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ సీటు వచ్చింది. తెలిసిన లాయరు గారితో కోర్టుకెళ్తే ఓఎస్, ఐఏ, ఈపీ అంటున్నారు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. చేరాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: తప్పకుండా చేరండి. లీగల్ డిక్షనరీ కొని బట్టీ పట్టడం మాత్రం వద్దు. ఒక్క కేసు వెంట మొదటి నుంచి చివరిదాకా నడిస్తే ఆ మాటలన్నీ వాటంతటవే పట్టుబడతాయి.

ప్రోనోటు దావానే తీసుకోండి. అప్పిచ్చినాయన వాది, బాకీ పడినాయన ప్రతివాది. వాది దాఖలు చేసే కాగితం ప్లెయింట్. దానికి నంబరు పడితే ఓఎస్, అంటే ఒరిజినల్ సూట్. సమన్లు అందాక ప్రతివాది 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్, అంటే తన జవాబు, వేయాలి. కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా ఒప్పుకోవచ్చు. అసలు హాజరే కాకపోతే ఎక్స్‌పార్టీ, అంటే ఆయన లేకుండానే దావా నడుస్తుంది. దావా నడుస్తుండగా మధ్యలో ఏదైనా కోరుతూ వేసేది ఐఏ, అంటే ఇంటర్‌లాక్యుటరీ అప్లికేషన్. సంతకం నాది కాదని ప్రతివాది అన్నాడనుకోండి, ప్రోనోటు నిజమైనదేనా అన్నది ఇష్యూ, అంటే కోర్టు తేల్చాల్సిన అంశం, అవుతుంది. వాది పీడబ్ల్యూ1గా, అంటే వాది వైపు మొదటి సాక్షిగా, చీఫ్ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే సాక్ష్యం) వేస్తాడు, ప్రోనోటు ఎగ్జిబిట్ ఏ1గా, అంటే వాది వైపు మొదటి ఆధార పత్రంగా, మార్క్ అవుతుంది, తర్వాత అవతలి లాయరు క్రాస్ చేస్తారు, అంటే వాదిని ఎదురు ప్రశ్నలు అడుగుతారు.

గెలిస్తే డిక్రీ, అంటే బాకీ కట్టమన్న కోర్టు తీర్పు కాగితం, వస్తుంది. డబ్బు మాత్రం దానంతటదే రాదు. ప్రతివాది కట్టకపోతే 12 ఏళ్లలోపు ఈపీ, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసి వసూలు చేసుకోవాలి. ఈ సంగతి తెలియక డిక్రీ కాపీని బీరువాలో దాచుకునే కక్షిదారులుంటారు. వాళ్లకు తెలుగులో విడమరిచి చెప్పే లాయర్లు మనకు చాలా అవసరం. మీ తెలుగు మీడియం అక్కడే అక్కరకొస్తుంది.

క్రిమినల్ కేసుల్లోనైతే పీడబ్ల్యూ అంటే ప్రాసిక్యూషన్ (ప్రభుత్వం వైపు) సాక్షి. బెయిల్ వచ్చిందంటే కేసు పోయినట్టు కాదు, విచారణ ఉంటుంది. విచారణకు తగ్గ ఆధారం లేదని ముందే వదిలేస్తే డిశ్చార్జ్. విచారణ జరిపి నిర్దోషి అని తేలిస్తే అక్విటల్.

ఆ లాయరు గారినే ఒక పాత ఓఎస్ సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) అడగండి. ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే ఏ వాయిదా దేనికి పడిందో వరసగా కనిపిస్తుంది. పుస్తకాలు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్టుల స్థానంలో కొత్త చట్టాలు వచ్చాయి. సీనియర్ల పాత పుస్తకాల్లో సెక్షన్ నంబర్లు వేరుగా ఉంటాయి.