వాలుగ కోసం పుట్టి ఎక్కే ముందు

అల్లుడూ,

గుండ్రటి పుట్టి పడవ కొన్నావని, వారం తిరిగినా రెండు జెల్లలు తప్ప వాలుగ చేప పడలేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రోజుకో ఎర మారుస్తున్నావట. తప్పు ఎరలో లేదురా, పుట్టి ఆపుతున్న చోటులో ఉంది.

వాలుగ పగలంతా మొద్దుల సందుల్లో, రాళ్ల చాటున పడుండి, చీకటి పడ్డాక మేతకు కదులుతుంది. శ్రీశైలం డ్యామ్ వెనుక జలాల అడుగున ఉత్త బురదే లేదు. 1981లో మనవాళ్లు ఖాళీ చేసి వచ్చిన ఊళ్లున్నాయి. మొండిగోడలు, బావులు, చింతమొద్దులు, పాత వంకలు. ఎండాకాలం నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు ఆ నేలంతా నడిచి చూడు. ఏ గోడ ఏ కొండకు ఎదురుగా ఉందో గురుతు పెట్టుకో. మీ తాత నాకు నేర్పింది ఇదొక్కటే. మన పాత ఇంటి వెనక బావి దగ్గర పడినన్ని వాలుగలు నాకు ఇంకెక్కడా పడలేదు. మీ అవ్వ నీళ్లు చేదింది ఆ బావిలోనే.

నీళ్లు నిండాక తాడుకు రాయి కట్టి, బారకో ముడి వేసి దించు. మెత్తగా దిగితే బురద, టక్కుమంటే గోడ. సరిగ్గా గోడ మీద ఆగొద్దు, నాలుగు బారలు ఇవతల ఆగి గాలం అటు విసురు. లేకుంటే చేప మొద్దుల్లో దూరి గాలానికి కట్టిన తంగుసు తెంపుతుంది. తెడ్డు చప్పుడు చెయ్యొద్దు.

ఎరకు చిన్న చేపో, కోడి పేగులో చాలు. బెండు వద్దు, సీసం అడుగుకు ఆనాలి. మొదటి తాకిడికి లాగేయకు, తంగుసు బిగిసి ఒకవైపు పోతున్నప్పుడు లాగు. పెద్దది పడితే పుట్టి గిర్రున తిరుగుతుంది. లేచి నిలబడొద్దు. తంగుసు చేతికి చుట్టుకోవద్దు. నేను చుట్టుకుని వేలు ఎముక దాకా కోసుకున్నా, ఇప్పటికీ ఆ వేలు పూర్తిగా మడవలేను. జెల్లను మాత్రం గుడ్డతో పట్టుకో, దాని ముల్లు గుచ్చుకుంటే రాత్రంతా సలుపుతుంది.

ఒంటరిగా పోవద్దు. ఇద్దరికీ లైఫ్‌జాకెట్లు ఉండాలి, మత్స్యశాఖ లైసెన్సు ఉండాలి. గాలి లేస్తే ఆ రోజుకు గట్టెక్కు. కొత్తనీరు వచ్చేటప్పుడు గుడ్లతో ఉన్న వాలుగ పడితే వదిలెయ్, నా చిన్నప్పుడు ఉన్నన్ని ఇప్పుడు లేవు.

గుడి బయటపడగానే ఫోన్ చెయ్. బావి చోటు నేనే వచ్చి చూపిస్తా.

మీ మామ