డాక్టర్‌కి హక్కుల గొడవ ఎందుకు? కోనసీమ పీహెచ్‌సీలో నాకు తెలిసొచ్చింది

"డాక్టర్ అన్నాక వైద్యం చేసుకోవాలి గానీ, ఛత్తీస్‌గఢ్ డాక్టర్ బినాయక్ సేన్‌లా హక్కులంటూ తిరగడం ఎందుకు?" అని మీరడిగారు. కోనసీమలో ఒక పీహెచ్‌సీలో ఆరేళ్ళు పనిచేశాను. మొదటి ఏడాది నేనూ ఇలాగే అనుకునేదాన్ని.

మా వైపు వేసవిలో కాలవలు కట్టేస్తారు. అంతకు ముందే మంచినీళ్ళ చెరువు నింపుకుంటారు. మళ్ళీ వదిలేదాకా ఊరంతటికీ ఆ నీళ్ళే. మే నెలకల్లా అవి పచ్చబడతాయి, ఓపీలో విరేచనాల కేసులు మొదలవుతాయి. అలాంటి ఒక మేలో ఏడాదిన్నర పాపని నెలలో మూడోసారి తీసుకొచ్చారు. కళ్ళు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. సెలైన్ ఎక్కించాక తేరుకుంది. పంపించేటప్పుడు "నీళ్ళు కాచి పట్టమ్మా" అన్నాను. "గ్యాస్ వంటకే చాలట్లేదండీ, నీళ్ళెక్కడ కాస్తానండి" అంది వాళ్ళమ్మ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఫిల్టర్ బెడ్ల దగ్గరికి, అంటే చెరువు నీళ్ళని వడగట్టే ఇసక తొట్ల దగ్గరికి వెళ్ళాను. ఇసక మీద మోకాలెత్తు గడ్డి. పైపొర గీకి ఎన్నాళ్ళయిందో చెప్పేవాళ్ళు లేరు. నీళ్ళు దిగట్లేదని చెరువు నీళ్ళనే నేరుగా ట్యాంకుకి ఎక్కించేస్తున్నారు. కుళాయి నీళ్ళు టెస్టు సీసాలో పట్టి ఉంచితే తెల్లారేసరికి సిరాలా నల్లబడ్డాయి. అంటే నీళ్ళలో మలం కలుస్తోందన్నమాట. అది పట్టుకెళ్ళి పైఅధికారికి చూపిస్తే, "మందులు చూసుకోండి డాక్టర్ గారూ, నీళ్ళ సంగతి మీకెందుకు" అన్నారు. మీరడిగిందీ అదే ప్రశ్న.

బినాయక్ సేన్ గారూ పిల్లల డాక్టరే. వెల్లూరు సీఎంసీలో చదివి, 1981లో ఛత్తీస్‌గఢ్‌లోని ఇనుప గనుల ఊరు దల్లీ రాజ్‌హరా వెళ్ళారు. కార్మికులు తమ డబ్బుతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రికి అండగా నిలిచారు. మన ఆశా కార్యకర్తల కన్నా ముందే ఛత్తీస్‌గఢ్‌లో వచ్చిన మితానిన్ అనే ఊరి ఆరోగ్య కార్యకర్తల పథకానికి సలహాదారుల్లో ఒకరు. ఎక్కడైనా 40 శాతానికి మించి పెద్దవాళ్ళ బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క) 18.5 లోపు ఉంటే అది కరువేనని పదే పదే చెప్పేవారు. ఆకలికి మాత్ర ఏం రాస్తాం? పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ తరఫున, మావోయిస్టుల మీదకి ప్రభుత్వ అండతో దిగిన సాయుధ దళం సల్వా జుడుం మీద నోరు విప్పారు. మావోయిస్టులకి సాయం చేశారన్న ఆరోపణతో 2007లో అరెస్టయ్యారు. 2008లో ఆరోగ్యం, మానవ హక్కుల కోసం పనిచేసేవాళ్ళకిచ్చే జోనాథన్ మాన్ అవార్డు వచ్చేనాటికి జైల్లోనే ఉన్నారు. 2010లో రాజద్రోహం కింద యావజ్జీవం పడితే, 2011లో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. అంతకు ముందు మన వరంగల్‌లో, పౌరహక్కుల సంఘంలో పనిచేసిన పిల్లల డాక్టర్ రామనాథం గారిని 1985లో క్లినిక్‌లోనే కాల్చి చంపారు. వాళ్ళ ముందు నేను తిన్న చీవాట్లు ఎంత!

మా ఊళ్ళో చివరికి పని జరిపించింది తల్లులే. నల్లబడ్డ సీసాలు గ్రామసభలో బల్ల మీద వరసగా పెట్టారు. పదిహేను రోజుల్లో ఇసక మార్చారు. మరుసటి వేసవిలో కేసులు బాగా తగ్గాయి. ఏటి అవతల లంకకి మాత్రం నేను బదిలీ అయ్యేనాటికీ పైపు వెళ్ళలేదు. అక్కడి ఆడవాళ్ళు బిందెలు పడవలో పెట్టుకుని రేవు దాటుతూనే ఉన్నారు.