పిల్లి ఆకలితో గిన్నె దాకా వచ్చి తినకుండా పారిపోతోందా? ముందు పళ్ళు చూపించండి

ఆరేళ్ళ పిల్లి, అన్నం టైముకి అరుచుకుంటూ వస్తుంది, రెండు మెతుకులు కొరికి తల విదిల్చి పారిపోతుంది, నోరు వాసన కూడా వస్తోంది, ఇది మొండితనమా అని అడిగారు. నాకైతే అలా అనిపించట్లేదండీ. ఆకలి ఉండి కూడా తినలేకపోతోందంటే చాలావరకు నోట్లోనే ఏదో ఉంటుంది.

మేము చెన్నైలో పెరంబూర్‌లో ఉంటాం. మా పిల్లి జున్నుకి ఉడకబెట్టిన నెత్తళ్ళంటే ప్రాణం. అలాంటిది తల ఒక పక్కకి వంచి ఎడమ దవడతోనే నమలడం, ముక్కలు నోట్లోంచి జారిపోవడం, డ్రై ఫుడ్ వదిలేసి గ్రేవీ మాత్రం నాకడం మొదలుపెట్టింది. మా అత్తగారు గారాబం ఎక్కువైందన్నారు. బరువు తగ్గలేదు, ఆటలు మానలేదు, ఇంకెవరికి అనుమానం వస్తుంది చెప్పండి? నాకు తేడా కొట్టింది ఒళ్ళు చూసి: వీపు మీద, తోక దగ్గర బొచ్చు ఉండలు కట్టింది, అంటే నాక్కోవడం తగ్గించేసింది. పిల్లి నొప్పిని బాగా దాచుకుంటుంది, కాబట్టి తింటోందా లేదా అని కాదు, ఎలా తింటోందో చూడాలి.

ఇంట్లో చూడాలంటే నోరు బలవంతంగా తెరవకండి, కరుస్తుంది. నిద్రమత్తులో ఉన్నప్పుడు పెదవి పక్క నుంచి కొంచెం పైకెత్తితే చాలు. పంటి మొదట్లో చిగురు వెంబడి ఎర్రటి గీత, పసుపు లేదా గోధుమ రంగు గార, చొంగలో రక్తపు చార కనిపిస్తే వాయిదా వేయొద్దు. కింది దవడలో కోరపన్ను వెనకాల వచ్చే మొదటి పన్నుని ప్రత్యేకంగా చూడండి. పిల్లుల్లో పన్ను దానంతట అదే కరిగిపోయే జబ్బు ఒకటి ఉంది, తరచుగా అక్కడే మొదలవుతుంది, చిగురు పంటి మీదికి పాకినట్టు ఎర్రగా కనిపిస్తుంది. కానీ అసలు డామేజీ చిగురు కింద ఉంటుంది కాబట్టి మత్తిచ్చి ఎక్స్‌రే తీస్తే తప్ప పూర్తిగా తెలియదు. మాకు మొదట చూసిన క్లినిక్‌లో యాంటీబయాటిక్ రాసి పంపారు, కొన్నాళ్ళు తగ్గినట్టే ఉండి మళ్ళీ మొదటికొచ్చింది. అందుకే వెళ్ళేముందే ఫోన్ చేసి పళ్ళ ఎక్స్‌రే ఉందా అని అడగండి. వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, రద్దీకి సిద్ధపడి వెళ్ళండి. మత్తుకి ముందు రక్తపరీక్ష చేస్తామంటే వద్దనకండి. నోటి వాసనతో పాటు నీళ్ళు ఎక్కువ తాగుతుంటే అది కిడ్నీ గొడవ కూడా కావచ్చు, అదీ అందులో బయటపడుతుంది.

మన ఇళ్ళల్లో పంటి నొప్పి అనగానే లవంగ నూనె తీస్తాం కదా, పిల్లికి అది విషం. డోలో, క్రోసిన్ లాంటి పారాసెటమాల్ అయితే ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. మన టూత్‌పేస్టూ వద్దు. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే ఇక ఆగకండి, పిల్లులు పస్తుంటే లివర్‌కి కొవ్వు పట్టేస్తుంది.

పళ్ళు తీసేస్తే ఎలా తింటుందని టెన్షన్ పడకండి. జున్నుకి కుడి వైపు దవడ పళ్ళు రెండు తీసేశారు, పుండు మానాక డ్రై ఫుడ్ కూడా మళ్ళీ మొదలెట్టింది. ఇంకోటి, రేపు మీ పిల్లి తినేటప్పుడు ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి, క్లినిక్‌లో అది భయపడి ఎలాగూ తినదు, డాక్టర్‌కి ఆ వీడియో చూపిస్తే సగం పని అయిపోతుంది.