తోటికోడలికి పనిచేసిన పొడి నాకూ పనిచేస్తుందా?

ప్రశ్న: నా వయసు 27. ఏడాదిన్నరలో రెండుసార్లు కడుపు పోయింది, రెండూ మూడో నెల నిండకముందే. మా అత్తయ్య ఎవరో తెలిసినాయన దగ్గర బూడిదరంగు పొడి పొట్లాలు తెచ్చి, తేనెలో రంగరించి పరగడుపున నాకమంటున్నారు. మా తోటికోడలికీ రెండుసార్లు ఇలాగే పోయి, ఇది వాడాకే బాబు పుట్టాడట. వాడొచ్చా? ఇలాంటి మందుల్ని ఎవరైనా పరీక్షించారా?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు ఆ పొట్లాలు పక్కన పెట్టండమ్మా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ తోటికోడలు అబద్ధమేమీ చెప్పడం లేదు. పొడి వాడింది, బాబు పుట్టాడు. కానీ వాడకపోయినా పుట్టేవాడేమో అని ఎవరూ అడగరు. 2015లో వెలువడిన ఒక పరీక్ష సంగతి చెబుతాను. కారణం తెలియకుండా మూడుసార్లు, అంతకంటే ఎక్కువసార్లు గర్భం పోయిన 836 మందిని బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో తీసుకుని, సగంమందికి గర్భం నిలవడానికి తోడ్పడే హార్మోన్ ప్రొజెస్టెరాన్, మిగతా సగానికి చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా లోపల మందే లేని ఉత్త మందు ఇచ్చారు, ఎవరికి ఏది వెళ్లిందో వాళ్లకీ తెలియదు, డాక్టర్లకీ తెలియదు. ప్రొజెస్టెరాన్ వాడినవాళ్లలో నూటికి 66 మందికి బిడ్డ పుట్టింది. ఉత్త మందు వాడినవాళ్లలో? 63 మందికి! ఆ ఉత్త మందునే మన ఊళ్లో పొట్లం కట్టి ఇచ్చి ఉంటే ఈ 63 మందీ ఊరంతా చాటేవాళ్లు, మిగతా 37 మంది ఏడ్చి ఊరుకునేవాళ్లు.

మూలికల విషయానికొస్తే, చైనావాళ్లు వాళ్ల సంప్రదాయ మందుల మీద పరీక్షలు చేశారు. వైద్య పరీక్షల ఫలితాల్ని పోగేసి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2016లో వాటిని చూస్తే 9 పరీక్షలు, 861 మంది ఆడవాళ్లు తేలారు, ఒక్కదాంట్లోనూ ఉత్త మందుతో పోల్చి చూడలేదు. ఇంక పనిచేసిందని ఎలా అంటాం?

నాకు టెన్షన్ పెట్టింది ఆ బూడిదరంగు. గర్భం నిలవడానికని ఆయుర్వేదంలో ఇచ్చే గర్భపాల రసంలో ఇంగిలీకం, నాగభస్మం పడతాయి. ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది, నాగభస్మం అంటే సీసమే. మీ పొట్లంలో అదే ఉందని అనను, కానీ ఏముందో ఇచ్చినాయన రాసివ్వలేదు కదా. 2011–12లో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా తేలింది, అందరూ మన దేశపు ఆయుర్వేద మందులు వాడినవాళ్లే. సీసం బిడ్డ దాకా వెళుతుంది, పైగా అబార్షన్ ముప్పును పెంచుతుంది, అంటే నిలబెట్టడానికి తిన్నదే పోగొట్టొచ్చు.

ఇంకో మాట. మూడో నెలలోపు పోయేవాటిలో సగం దాకా పిండంలో క్రోమోజోముల తేడా వల్లే పోతాయి, మీరు మెట్లెక్కినందుకో బొప్పాయి ముక్క తిన్నందుకో కాదు. దాన్ని ఏ పొడీ సరిచేయలేదు.

సరిచేయగలిగినవి వేరే ఉన్నాయి. థైరాయిడ్, షుగర్ చూపించుకోండి, గర్భసంచికి స్కానింగ్ తీయించండి. రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచి గర్భం పోగొట్టే యాంటీబాడీలున్నాయేమో చూసే యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష 12 వారాల తేడాతో రెండుసార్లు చేయించాలి, అది పాజిటివ్ వస్తే ఆస్పిరిన్ మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం ఇప్పటినుంచే మొదలుపెట్టండి.

అత్తయ్యగారితో గొడవ వద్దు, ఆవిడ కంగారు ఆవిడది. పొట్లం పారేయకుండా డాక్టరుకు చూపించండి. ఇప్పటికే నాలుగు రోజులు నాకి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పి రక్తంలో సీసం పరీక్ష రాయించుకోండి. మీ ఆయన్నీ వెంట తీసుకెళ్లండి, పరీక్షలు ఒక్కోసారి ఇద్దరికీ రాస్తారు.